విప్పిన జీపు

ఆ ఉదయం ఆ ఇంటి ముందు ఉన్నవి ఇవి: ఒక పాత జీపు, దాని మీద సగం వరకు కప్పిన నీలం పరదా, బోర్లించిన దోనె, ఖాళీ తవుడు గోనెల కట్టలు ఆరు, చిరిగిన వల, ఎండలో పడుకున్న కుక్క. మనుషులం అయిదుగురం: జీపు యజమాని అయిన పెద్దాయన, ఆయన భార్య, ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చిన వాళ్ల ఒక్కగానొక్క కూతురు, ఏలూరు నుంచి నాతో వచ్చిన మెకానిక్ మేస్త్రి, నేను. నా చేతిలో నలభై రెండు అంశాలు రాసుకున్న నోటుపుస్తకం ఉంది. చొక్కా జేబులో టార్చిలైటు, రెండు రంగుల పెన్నులు ఉన్నాయి.

కొల్లేరులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టిన ఏడాది అది. జూన్ మొదటి వారం. వానలు ఇంకా మొదలు కాలేదు. ఆ ఊరు ఒక లంక. తారురోడ్డు మీది వంతెన దగ్గర దిగితే ఊరికి ఏడు కిలోమీటర్ల మట్టిబాట. ఎండాకాలం ఆ మట్టి సిమెంటులా గట్టిగా ఉంటుంది. తడిసిందంటే కాలికున్న చెప్పును లాగేసుకుంటుంది. అంతకుముందు చెరువుగట్ల మీదుగా ఊళ్లోకి ఇంకో రెండు దారులు ఉండేవట. గట్లు పోవడంతో అవీ పోయాయి. మేం నడిచి వెళ్తుంటే రెండు పక్కలా కోసిన గట్ల మట్టి దిబ్బలు దిబ్బలుగా పడి ఉంది. వాటి మధ్య నెర్రెలు విచ్చిన నేల, అక్కడక్కడ ఎండిన గుర్రపుడెక్క.

పెద్దాయనకు ఒక చెరువులో వాటా ఉండేది. ఎప్పుడో సైన్యం వేలంలో అమ్మేసిన జీపు నాలుగైదు చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్లపాటు అది తాడేపల్లిగూడెం మిల్లుల నుంచి చేపల మేతకు వచ్చే తవుడును గట్ల మీదుగా చెరువులకు చేర్చింది. చేపల పెట్టెలను రోడ్డుకు చేర్చింది. ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. అది నా జాబితాలో మొదటి ప్రశ్న. చెరువు లేనివాడికి గట్టు మీద నడిచే బండెందుకండి అన్నారాయన. నేను పుస్తకంలో 'కారణం: వాడకం లేదు' అని రాసుకున్నాను.

అప్పటికి నా వయసు ఇరవై ఆరు. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పిల్లలకు లేతు, వెల్డింగు నేర్పించే ఉద్యోగం. చదువుకునే రోజుల్లో ఇలాంటి జీపులో ముందు చక్రాలకు కూడా బలం పంచే రెండో గేరుపెట్టెను డ్రాయింగ్ షీటు మీద అడ్డకోతలో గీశాను. పదిహేడు రోజులు పట్టింది. మంచి మార్కులు వచ్చాయి. కానీ అసలు పెట్టెను నేనెప్పుడూ ముట్టుకోలేదు. దాన్ని నా చేతులతో విప్పి, కడిగి, మళ్లీ బిగించాలన్నది నా కోరిక. జీపు కొనడానికి అంతకుమించి కారణం లేదు.

ఆ రోజు రెండు గంటలపాటు పరీక్ష చేశాను. ఛాసిస్ మీద నంబరు, బ్రేకు పట్టీల మందం, రేడియేటర్లో నీటి రంగు, స్టీరింగులో ఆట ఎన్ని అంగుళాలు, అన్నీ ఒక్కొక్కటిగా చూసి, పచ్చ రంగుతోనో ఎర్ర రంగుతోనో గుర్తు పెడుతూ పోయాను. పెట్రోలు ఇంజను తీసేసి ఎవరో డీజిలు ఇంజను పెట్టారు. నేల రేకు తుప్పు పట్టి నాలుగు చోట్ల చిల్లులు పడింది. సీటు కింద అరచేతి మందాన తవుడు పేరుకుని ఉంది. నేను కనపడ్డ లోపమల్లా పైకి చదువుతుంటే మేస్త్రి గారు గోనెల కట్ట మీద కూర్చుని బీడీ కాలుస్తున్నారు.

"ఏవండీ, బండి కొనడానికొచ్చామా, శవపరీక్షకొచ్చామా?" అన్నారు చివరికి.

పెద్దావిడ గుమ్మంలోంచి నవ్వింది. "మా వియ్యాలవారు పిల్లని చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఇన్ని అడగలేదు బాబూ."

"అడిగుంటే చేసుకునేవారా?" అన్నారు పెద్దాయన.

"నాన్నా," అని కూతురు కసిరింది. కసురుతూనే నవ్వుతోంది.

ముప్పై ఆరో అంశం దగ్గర నేను ఆగిపోయాను. ముందు చక్రాలను కలిపే లీవరు పడటం లేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. ఎర్ర పెన్ను తీస్తుంటే ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. "అలా పడదండి. రెండడుగులు వెనక్కి పోనిచ్చి, అప్పుడు లాగండి," అంది. అలాగే చేశాను. పడింది. ఆ అమ్మాయి పదహారేళ్లప్పటి నుంచి ఆ జీపును గట్ల మీద నడిపేదట. వాళ్ల నాన్న వెనక నిలబడి మేత గోనెలు దించుతుంటే తను ముందు కూర్చుని మేత సంచులు కట్టే ఒక్కో గుంజ దగ్గర ఆపుతూ పోయేదట. ఇంజను చప్పుడు వినపడగానే చేపలు మూతులు పైకి పెట్టి గట్టువారకు వచ్చేవని చెప్పింది. చెబుతూ బానెట్ మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి నడుము మీద ఉంది.

బేరం దగ్గర వాదన జరగలేదు. ఆయన ఒక మాట చెప్పారు, మేస్త్రి గారు ఒక మాట చెప్పారు, మధ్యలో కుదిరింది. కాగితాల మీద సంతకాలయ్యాక పెద్దాయన జీపు ముందుకి వెళ్లి, బంపరు కొక్కేనికి చుట్టి ఉన్న లావుపాటి కొబ్బరితాడును విప్పడం మొదలుపెట్టారు. దిగబడిన బండ్లను లాగే తాడు అది. బండితోపాటు అదీ వస్తుందనుకుని నేను పుస్తకంలో రాసేసుకున్నాను కూడా.

"పలుపు ఇవ్వమండి," అన్నారాయన. "గొడ్డునమ్మినా పలుపు ఇంట్లోనే ఉంచుకుంటాం. దాంతోపాటు పోతే ఇంకోటి రాదంటారు."

జీపుకి కూడా ఆ పద్ధతి వర్తిస్తుందా అని అడిగాను. ఇరవై ఏళ్లు మేపలేదేమిటండి దీన్ని అన్నారు. జాబితాలో తాడును కొట్టేశాను.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాక ఆయన పక్కకొచ్చి నిలబడ్డారు. అంతసేపూ ఆ మాట ఎలా అడగాలా అని చూస్తున్నట్టున్నారు.

"బాబూ, ఒక్క కోరికండి. అమ్మాయికి ఇది తొలికాన్పు. ఆగస్టు నెలాఖరుకు అన్నారు. అప్పటికి వానలు ముదురుతాయి. ఆ మట్టిలో నడిచేది ఇదొక్కటేనండి. ఒక్కరోజు బండి పంపితే చాలు."

తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది వాళ్ల ఆనవాయితీ. అత్తవారిది రోడ్డు పక్క ఊరు. అక్కడుంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. కానీ పురుడు పోయకపోతే కన్నవాళ్లకి మాట వస్తుంది. బండి అమ్మకుండా ఆగస్టు దాకా ఆగుదామంటే తిండి గింజలకే లేదని తర్వాత తెలిసింది. ఆయన అప్పుడు అదేమీ చెప్పలేదు.

"పంపడం కాదండి బాబాయిగారూ, నేనే తీసుకొస్తాను," అన్నాను.

ఆయన నా పుస్తకం వైపు చూశారు. "అందులో రాసుకోండి బాబూ," అన్నారు. రాసుకున్నాను. నలభై మూడో అంశం. 'ఆగస్టు చివరి వారం, కాన్పుకు బండి.' కింద రెండు గీతలు కూడా గీశాను.

తిరుగు ప్రయాణంలో ఏలూరు చేరేదాకా మేస్త్రి గారు పక్కన కూర్చుని చెవి గేరుపెట్టె వైపు పెట్టి విన్నారు. రెండో పెట్టెలో ఒక బేరింగు అరుస్తోందని నాకూ వినపడుతూనే ఉంది. ఆయన దిగేముందు చెప్పిన మాట ఇది. "ఏవండీ, దీన్ని ఒక్కసారిగా విప్పకండి. నడుస్తున్న బండిని నడుస్తుండగానే బాగుచేసుకోవాలి. ఈ నెల బేరింగు, వచ్చే నెల బ్రేకులు. ఒక్కో పని చేసుకుంటూ పోదామండి."

అలాగేనన్నాను. ఆయన పద్ధతి పాతకాలపు పద్ధతి అని లోపల అనుకున్నాను.

తాడేపల్లిగూడెంలో మా అమ్మ వీధి గుమ్మం ముందు జీపు ఆపించి, ముందు రేకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఈ బండి ఎక్కినవారిని, దీనికి ఎదురొచ్చినవారిని కాపాడమని అడిగింది. తర్వాత చెయ్యి వాసన చూసుకుని, ఇదేమిట్రా తవుడు కంపు అంది. నలభై మూడో అంశం సంగతి అమ్మకు చెప్పాను. మంచి పని ఒప్పుకున్నావంది.

ఒక రైసు మిల్లు వెనక ఖాళీగా ఉన్న షెడ్డును అద్దెకు తీసుకున్నాను. అక్కడా తవుడు వాసనే. జూన్ మూడో వారంలో విప్పడం మొదలుపెట్టాను. మొదట బేరింగు ఒక్కటే అనుకున్నాను. పెట్టె దించితే క్లచ్ పని చూడొచ్చనిపించింది. క్లచ్ విప్పితే ఇంజను దించడం తేలిక. ఇంజను దించాక ఛాసిస్ తుప్పు ఎదురుగా కనపడుతోంది. దాన్ని గీకి రంగు వెయ్యకుండా పైన అన్నీ బిగించడం తప్పనిపించింది. ఒక్కో భాగాన్ని కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, నంబరు రాసిన చీటీ కట్టి, నేల మీద పరిచిన పాత సిమెంటు సంచుల మీద వరసగా పెట్టాను. ఒకే చోటి బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి ఒకే నంబరు ఇచ్చాను. ప్రతి నంబరూ పుస్తకంలో ఎక్కింది. కాలేజీ అయ్యాక రోజూ సాయంత్రాలు అక్కడే. ఆ పని చేసినన్ని రోజులు నేను సంతోషంగా ఉన్నాను. ఇది కూడా రాయాలి.

నేను మాట మరిచిపోలేదు. షెడ్డు గోడకు ఒక పట్టిక అంటించాను. ఎడమ పక్కన పనులు, పైన వారాలు. బిగింపు మొత్తం ఆగస్టు పదిహేనుకు పూర్తి కావాలి. అక్కణ్నుంచి నెలాఖరుకు రెండు వారాలు మిగులు. చివరి గడిలో ఎర్ర పెన్నుతో '43' అని రాశాను. విజయవాడ నుంచి బేరింగు తప్పు సైజుది వచ్చింది. తిప్పి పంపితే వారం పోయింది. అయినా మిగులు ఇంకా ఉంది. ఆగస్టు నెలాఖరు అన్నదాన్ని నేను డ్రాయింగులో కొలతలాగా తీసుకున్నాను. మనుషుల విషయంలో ఆ తేదీ అటూ ఇటూ జరుగుతుందని నాకు చెప్పినవాళ్లు లేరు. నేనూ అడగలేదు. మా అమ్మను అడిగినా చెప్పేది.

ఆగస్టు మొదటి వారంలో మూడు రోజులు ఆగకుండా వాన పడింది. మూడో రోజు పొద్దున్న ఆరూ నలభైకి నేను షెడ్డులోకి నీళ్లు వస్తున్నాయేమో చూడ్డానికి వెళ్లాను. అక్కడ ఉండగా ఫోను మోగింది. పెద్దాయన పక్కింటివాళ్ల ఫోను నుంచి చేస్తున్నారు. అమ్మాయికి తెల్లవారుజాము నుంచి నొప్పులొస్తున్నాయని, ఇంకా టైముందనుకున్నామని, అంబులెన్సు వంతెన దాకా వస్తుందట గానీ మట్టిలోకి దిగదట అని చెప్పారు.

"బండి పంపుతారా బాబూ?"

"బండి విప్పి ఉందండి," అన్నాను.

"విప్పడమంటే?"

"భాగాలన్నీ విడివిడిగా ఉన్నాయండి."

ఫోనులో వాన చప్పుడు వినపడుతోంది. అది ఆ వైపుదో, నా వైపుదో.

"బిగించడానికి ఎంతసేపు పడుతుందండి?"

ఆయన గంటల లెక్కన అడిగారు. నాకు సరైన సమాధానం తెలుసు. "పదకొండు రోజులండి," అన్నాను.

"అలాగేనండి," అన్నారాయన. "మంచిదండి. ఉంటానండి."

మేస్త్రి గారికి ఫోన్ చేశాను. నాలుగు చక్రాల బలమున్న జీపు ఏలూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉందని, కానీ అది మన్యం వైపు పని మీద వెళ్లిందని చెప్పారు. నేను బస్సులో ఏలూరు చేరేసరికి ఆయన ఒక మామూలు అద్దె జీపు మాట్లాడి ఉంచారు. వంతెన దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. దాన్ని దాటి మట్టిబాటలోకి దిగాం. ఒకటిన్నర కిలోమీటరు వెళ్లాక వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. రెండు గంటలు తవ్వాం. తవ్విన ప్రతి గుంటలోకీ బురద తిరిగి వచ్చింది. చివరికి గేదెల కోసం వచ్చిన ఒకాయన చెప్పాడు, ఆ అమ్మాయిని వంతెన దాకా పోయే కాలవ మీదుగా దోనెలో తీసుకుపోయారని.

తర్వాత తెలిసిన వివరాలు ఇవి. పొద్దున్న ఏడున్నరకు దోనెలో గడ్డి పరిచి అమ్మాయిని పడుకోబెట్టారు. కాలవ నిండా గుర్రపుడెక్క ఉంది. గడ వేస్తే కదలడం లేదు. దోనె ముక్కుకు తాడు కట్టి పెద్దాయన, ఇంకో ఇద్దరు గట్టు మీద నుంచి లాగారు. మిగిలినవాళ్లు ముందు నీళ్లలో దిగి డెక్కను చేతులతో తప్పించారు. వంతెన చేరేసరికి పదకొండున్నర దాటింది. ఎండలో ఆ జీపు ఆ ఏడు కిలోమీటర్లనూ ఇరవై నిమిషాల్లో దాటడం నేను స్వయంగా చూశాను. బురదలో అయితే గంట అనుకుందాం.

నేను ఏలూరు ఆసుపత్రికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. తల్లికి ప్రమాదం లేదన్నారు. పాప ఆసుపత్రికి రాకముందే పోయింది. వరండాలో పెద్దాయన గోడకానుకుని నిలబడి ఉన్నారు. మోకాళ్ల దాకా బురద. భుజం మీద ఆ కొబ్బరితాడు అలాగే చుట్టలుగా ఉంది. దోనె దగ్గర తీసిన తాడును దించాలన్న ధ్యాస లేక దానితోనే అంబులెన్సు ఎక్కేసినట్టున్నారు. దాని నుంచి నీళ్లు కారి ఆయన కాళ్ల దగ్గర చిన్న మడుగు కట్టింది.

నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మీరొచ్చారా బాబూ," అన్నారు. "ఇంత వానలో. భోంచేశారా?"

ఇంటికి వచ్చి జరిగిందంతా అమ్మతో చెప్పాను. "రాసుకున్నావు కదరా," అంది అమ్మ. అంతే. మర్నాడు అన్నం, చారు క్యారేజీలో పెట్టుకుని బస్సెక్కి ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత మూడు వారాలు షెడ్డు తలుపు తీయలేదు. తీసేసరికి కడిగి తుడిచిపెట్టిన ఇనుము మీద సన్నగా తుప్పు పొర. సెప్టెంబరులో ఆదివారాలు మేస్త్రి గారు ఏలూరు నుంచి వచ్చి నాతోపాటు బిగించారు. పని మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అనవలసింది ఆయన జూన్‌లోనే అన్నారు. అన్నీ బిగించాక ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. బేరింగు అరుపు లేదు. నేను కోరుకున్నది పూర్తిగా నెరవేరింది.

డిసెంబరులో బాట గట్టిపడ్డాక జీపు నడుపుకుంటూ ఆ ఊరు వెళ్లాను. బండిని తిరిగి ఇచ్చేద్దామని కాగితాలు కూడా తీసుకెళ్లాను. ఇంటి ముందు దోనె బోర్లించి ఉంది. గోనెల కట్టలు లేవు. కుక్క ఇంజను చప్పుడు విని లేచి తోక ఊపింది. అమ్మాయి అత్తవారింటికి వెళ్లిపోయింది. పెద్దావిడ చెంబుతో మజ్జిగ తెచ్చి అరుగు మీద పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్లింది.

పెద్దాయన జీపు చుట్టూ ఒకసారి తిరిగారు. కొత్త రంగు మీద అరచెయ్యి పెట్టి చూశారు. సీటు కిందకు వంగి చూశారు. అక్కడ ఇప్పుడు తవుడు లేదు. కాగితాలు ఆయన ముందు పెట్టి, ఇది మీదేనండి, డబ్బు మాట వద్దు అన్నాను.

"ఇప్పుడెందుకండీ బాబూ," అన్నారాయన. కోపం లేదు ఆ గొంతులో. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టారు. "మీ దగ్గరే ఉండనివ్వండి. శుభ్రంగా చూసుకుంటున్నారు."

కాసేపు అరుగు మీద కూర్చున్నాం. ఎండ దోనె మీదకు వచ్చింది. నేను లేవబోతుంటే, ఎప్పటినుంచో తెలుసుకోవాలనుకున్న సంగతిలా, మెల్లగా అడిగారు.

"ఆవేళ నేను ఫోన్ చేసినప్పుడు, బండి ఎన్ని ముక్కలుగా ఉందండి?"

చాలా ఉన్నాయండి అన్నాను. ఆయన తలూపారు.

అసలు లెక్క నా పుస్తకంలో ఉంది. ఆ ఫోను రావడానికి ముందురోజు సాయంత్రమే, వాన నీళ్లకు ఏవైనా కొట్టుకుపోతాయేమోనని, చీటీలన్నీ ఒకసారి లెక్కపెట్టి రాసిపెట్టాను. నాలుగు వందల అరవై మూడు.